కాటుక రేకుల పొడకు ఊరూ పేరూ రాసిన డాక్టర్

తొలకరి పడిందంటే హఫీజ్‌పేట్, మియాపూర్, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. సెల్లార్లోనో, బైక్ కిందనో, హాస్టల్ మెట్ల పక్కనో చుట్ట చుట్టుకున్న పాము. దాని కింద ఒకటే ప్రశ్న: ఇది విషపుదా, కాదా? జవాబు తెలిసేలోపే ఎవరో ఒకరు కర్ర పట్టుకుంటారు. చాలాసార్లు చచ్చేది జెర్రిపోతో, నీటిపామో. కొన్నిసార్లు మాత్రం, ఏం కాదులే అని దగ్గరికెళ్ళిన మనిషి ఆస్పత్రి పాలవుతాడు.

ఆ ప్రశ్నకు శాస్త్రీయంగా జవాబు వెతికిన తొలి తరం పరిశోధకుల్లో ఒకరు మన తెలుగు నేల మీదే పనిచేశారు. పేరు ప్యాట్రిక్ రస్సెల్. విశాఖపట్నంలో కూర్చుని, పాములవాళ్ళను అడిగి, ఒక్కో పాము పొలుసులు లెక్కపెట్టి, తెలుగు పేర్లను ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, వాటిని లండన్‌లో అచ్చు వేయించారు. మనం రక్తపింజర అనే పామును ప్రపంచం రస్సెల్స్ వైపర్ అంటోందంటే కారణం ఆయనే.

డిగ్రీ చేతికొచ్చాక ఏ దారి పట్టాలా అని ఆలోచిస్తున్నవాళ్ళకు ఈ జీవితం రెండు విధాలుగా పనికొస్తుంది. ఒకటి, ఉభయచరాలు, సరీసృపాలను అధ్యయనం చేసే హెర్పెటాలజిస్టు అసలు ఏం పని చేస్తాడో ఇందులో కనిపిస్తుంది. రెండు, ఆ పని మొదలుపెట్టే నాటికి ఆయన వయసు యాభై దాటింది!

అన్న వెనకాలే అలెప్పోకు

రస్సెల్ పుట్టింది స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో, 1720ల్లో. చదివింది వైద్యం. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ అప్పటికే ఇప్పటి సిరియాలో ఉన్న అలెప్పో నగరంలో డాక్టర్. లెవాంట్ కంపెనీ అనే ఇంగ్లిష్ వర్తక సంస్థ అక్కడ నడిపే స్థావరానికి వైద్యుడు ఆయనే. 1750లో తమ్ముడు కూడా అక్కడికే చేరాడు. మూడేళ్ళకు అన్న ఊరు విడిచి వెళ్తే ఆ ఉద్యోగం తమ్ముడి చేతికొచ్చింది.

అన్న ఊరికే ఉద్యోగం చేసి రాలేదు. అలెప్పోలోని మొక్కలు, జంతువులు, మనుషులు, జబ్బులు అన్నిటి మీదా నోట్సు రాసుకుని, 1756లో ఒక పెద్ద పుస్తకం వేశారు. చేతిలో ఉన్న ఉద్యోగం చేస్తూనే చుట్టూ ఉన్నదాన్ని చూసి రాసిపెట్టే అలవాటు తమ్ముడికి అబ్బింది ఇంట్లోంచే. ప్యాట్రిక్ అరబ్బీ నేర్చుకున్నారు. ఊరివాళ్ళతో కలిశారు. అక్కడి పాషా ఆయనకు తలపాగా ధరించే గౌరవం కూడా ఇచ్చాడు.

1760 నుంచి 1762 వరకు అలెప్పోను ప్లేగు కమ్మేసింది. డాక్టర్ పారిపోతే ఊరికి దిక్కు లేదు. రోగుల మధ్య తిరిగితే డాక్టరే మిగలడు. రస్సెల్ ఇంట్లో తలుపులు వేసుకుని, కిటికీలోంచి రోగులను చూస్తూ, మాట్లాడుతూ, మందులు చెబుతూ నెట్టుకొచ్చారు. చూసిన ప్రతి కేసు వివరాలూ రాసుకున్నారు. ఆ నోట్సే దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1791లో, ప్లేగు మీద ఒక పెద్ద గ్రంథమైంది.

అక్కడే ఇంకో సంగతి ఆయన చెవిన పడింది. మశూచి రాకుండా అరబ్బులు ఎప్పట్నుంచో ఒక రకం టీకా వేసుకుంటున్నారు.  అక్కడి వాళ్ళకు అమ్మమ్మల నాటి పద్ధతి. రస్సెల్ దాన్ని నాటువైద్యం అని తీసిపారేయలేదు. ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు, ఏయే ప్రాంతాల్లో ఉంది అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. ఆ వివరాలు 1768లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. ముందు ఊరివాళ్ళను అడగడం, తర్వాత సొంతంగా సరిచూసుకోవడం. ఈ పద్ధతే విశాఖపట్నంలో పాముల దగ్గరా పనికొచ్చింది.

యాభై దాటాక విశాఖకు

1771 ప్రాంతంలో అలెప్పో వదిలి, దారిలో ఇటలీ, ఫ్రాన్సుల్లో అంటురోగులను విడిగా ఉంచే కేంద్రాలను చూసుకుంటూ రస్సెల్ ఇంటికి చేరారు. లండన్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. మామూలుగా చూస్తే ఇక జీవితం స్థిరపడ్డట్టే.

ఇంతలో ఇంకో తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నం పాలనాధికారిగా పోస్టింగ్ వచ్చింది. కుటుంబంలో ఆరోగ్యాలు అంతంతమాత్రం. తోడుగా ఒక డాక్టర్ ఉంటే మేలు. అలా 1781లో ప్యాట్రిక్ కూడా ఓడెక్కారు. అంటే ఆయన మన తీరానికి వచ్చింది పాముల కోసం కాదు, ఇంటివాళ్ళ కోసం. చేతిలో ఉద్యోగం లేదు, హోదా లేదు. ఉన్నదల్లా తీరిక, చూసే కన్ను, రాసే అలవాటు.

తూర్పు కనుమలకూ సముద్రానికీ మధ్య ఉన్న ఆ చిన్న రేవు ఊళ్ళో ఆయనకు మొదట దొరికినవి మొక్కలు, చేపలు. వాటిని సేకరించడం, బొమ్మలు గీయించడం మొదలుపెట్టారు.

అప్పట్లో కంపెనీకి ఈ ప్రాంతంలో ప్రకృతి శాస్త్రవేత్తగా యోహాన్ కోనిగ్ ఉండేవారు. మొక్కలకూ జంతువులకూ రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్‌కు ఆయన శిష్యుడు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కోనిగ్ చనిపోయారు. ఆ ఖాళీ రస్సెల్‌కు వచ్చింది. ఉచితంగా, ఇష్టం కొద్దీ చేస్తున్న పనే ఉద్యోగమైంది.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. కంపెనీ ఈ పోస్టు పెట్టింది విజ్ఞానం మీద ప్రేమతో కాదు. రంగులిచ్చే మొక్కలేవి, మందుకు పనికొచ్చేవేవి, అమ్ముకుంటే లాభమొచ్చేవేవి అన్నదే దాని లెక్క. రస్సెల్ ఆ పనీ చేశారు. వెదురు బొంగుల లోపల గట్టిపడే తెల్లని పదార్థం గురించి 1790లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆయన ఇచ్చిన నమూనాలను లండన్‌లో ఒక కుర్ర రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, అది ఇసుకలో ఉండే సిలికా లాంటిదని 1791లో తేల్చాడు. ఆ కుర్రాడే తర్వాత జేమ్స్ స్మిత్సన్‌గా పేరు పొందాడు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ ఆయన ఆస్తితో పుట్టిందే.

పొలుసుల లెక్క

డాక్టర్‌గా రస్సెల్‌ను కలవరపెట్టింది పాముకాటు. కాటు పడ్డ మనిషిని తెస్తారు. ఏ పాము అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. కొందరు ఏ మందూ లేకుండానే బతుకుతారు. కొందరు ఎన్ని మందులు పోసినా పోతారు. బతికినవాడిని కరిచింది అసలు విషపుదేనా? ఇది తేలకుండా ఏ మందు పనిచేసిందో చెప్పడం కుదరదు.

అందుకే ఆయన మందు దగ్గర కాకుండా పాము దగ్గర మొదలుపెట్టారు. విషమున్న పాములేవి, లేనివేవి, వాటిని మామూలు మనిషి ఎలా గుర్తుపట్టాలి? ఇదీ ఆయన ముందున్న ప్రశ్న.

పాములను తెచ్చేది పాములవాళ్ళు, పల్లె జనం. తెచ్చినవాళ్ళను ముందు పేరు అడిగేవారు. ఎక్కడ దొరికింది, కరిస్తే ఏమవుతుందని మీవాళ్ళు అంటారు అని అడిగేవారు. తర్వాత కొలత: తల నుంచి తోక దాకా ఎంత పొడవు, తోక ఒక్కటీ ఎంత. రంగు, మచ్చల వరుస, తల మీది పొలుసుల అమరిక. పొట్ట కింద అడ్డంగా ఉండే పెద్ద పొలుసులు ఎన్ని, తోక కిందవి ఎన్ని. లినేయస్ పద్ధతిలో ఈ పొలుసుల లెక్కే పాముకు గుర్తింపు కార్డు.

ఆ లెక్కను గుడ్డిగా నమ్మలేదు ఆయన. ఒకే జాతి పాములను పక్కపక్కన పెట్టి లెక్కపెడితే అంకెలు కాస్త అటూ ఇటూ అవుతున్నాయి. రంగు కూడా అంతే. వయసును బట్టి, కుబుసం విడిచే రోజును బట్టి మారిపోతుంది. బయటికి కనిపించే ఒక్క గుర్తుతో అన్ని విషపు పాములనూ పట్టేయొచ్చన్న ఆశ నెరవేరలేదు. చివరికి నమ్మదగిన ఆధారం నోట్లోనే ఉందని తేల్చుకున్నారు. విషపు పాముకు పై దవడ ముందు భాగంలో విషం దిగే కోరలుంటాయి. మిగతావాటికి ఉండేవి మామూలు పళ్ళ వరుసలు.

ఇలా చూసుకుంటూ పోతే బయటపడ్డ సంగతి జనం నమ్మకానికి పూర్తిగా ఎదురు. ఆయన వర్ణించిన నలభైకి పైగా పాముల్లో విషపు కోరలున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అంటే భయపడి చంపుతున్న పాముల్లో ఎక్కువ భాగం ఏ హానీ చేయనివి.

ఆయన ఈ పనిని తన గదికే పరిమితం చేయలేదు. వేర్వేరు ఊళ్ళలో ఉన్న కంపెనీ డాక్టర్లంతా పాములు పంపాలని, కాటు కేసుల వివరాలు ఒకే పద్ధతిలో రాయాలని మద్రాసు ప్రభుత్వాన్ని కోరారు. ఇవాళ పరిశోధన సంస్థలు వాలంటీర్లతో డేటా సేకరించే పద్ధతికి ఇది పాత రూపం.

మందును కూడా పరీక్షకు పెట్టారు

పాముకాటుకు అప్పట్లో బోలెడు మందులు. అన్నిటికంటే పేరున్నది తంజావూరు మాత్ర. పాషాణం కలిపి చేసేవారు దాన్ని. దానితో బతికినవాళ్ళ కథలు ఊరూరా వినిపించేవి.

రస్సెల్ ఆ కథలను కొట్టిపారేయలేదు, అలాగని నమ్మనూ లేదు. కోళ్ళను, కుక్కలను పాములతో కరిపించి, కాటు పడిన క్షణం నుంచి గడియారం చూస్తూ లక్షణాలు రాసుకున్నారు. ఏ పాము, ఎంతసేపటికి కాళ్ళు తడబడ్డాయి, ఎప్పుడు పడిపోయింది, చచ్చిందా బతికిందా. కొన్నిటికి మందు ఇచ్చి చూశారు, కొన్నిటికి ఇవ్వకుండా చూశారు. మందు లేకుండా బతికిన కోడి ఉంటే, మందుతో బతికిన మనిషి కథకు బలం తగ్గిపోతుంది. ఇవాళ మందుల పరీక్షలన్నిటికీ వెన్నెముకైన ఆలోచన ఇదే. పాషాణానికి పాము విషాన్ని విరిచే గుణం లేదని ఇప్పుడు మనకు తెలుసు.

ఆ పరీక్షలు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఈ రోజుల్లో జంతువుల మీద అలా ప్రయోగాలు చేయడం కుదరదు. నైతిక కమిటీ అనుమతి కావాలి. పామును పట్టాలంటేనే వన్యప్రాణి రక్షణ చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. రస్సెల్‌ను సంరక్షకుడు అనలేం. అప్పటికి ఆ ఆలోచనే పుట్టలేదు. కానీ ఏ జాతి ఎక్కడ ఉండేదో రాసిపెట్టినవాళ్ళు లేకపోతే, ఇవాళ ఏది తగ్గిపోయిందో చెప్పడానికి ఆధారమే ఉండదు.

తెలుగు మాట శాస్త్రంలోకి

రస్సెల్ పుస్తకంలో తెలుగువాళ్ళు ఆగిపోయే చోటు పేర్ల దగ్గర. పాముకు కొత్తగా లాటిన్ పేరు పెట్టేసి చేతులు దులుపుకోలేదు ఆయన. తెచ్చినవాళ్ళు ఏ పేరు చెప్పారో దాన్నే ఇంగ్లిష్ అక్షరాల్లో రాశారు. చింత నాగు. పెద్ద పొడ. బంగారు పాము. కాటుక రేకుల పొడ.

ఈ చివరిది రక్తపింజర. గోధుమ రంగు ఒంటి మీద కాటుక దిద్దినట్టు నల్లటి అంచులున్న మచ్చల వరుసలు. చూసినవాళ్ళెవరో పెట్టిన పేరది. పామును పోల్చుకోవడానికి పనికొచ్చే గుర్తు పేరులోనే ఉంది. పెద్ద పొడ అంటే కొండచిలువ. రెంటికీ పొడ అన్న మాట కలిసింది ఊరికే కాదు. పిల్ల కొండచిలువకూ రక్తపింజరకూ మచ్చలు పోలినట్టే ఉంటాయి. ఇప్పటికీ ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటూనే ఉన్నారు.

విషం విషయంలో రక్తపింజరకు నాగుపాము తర్వాతి స్థానం ఇచ్చారు రస్సెల్. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1797లో, జార్జ్ షా అనే శాస్త్రవేత్త దానికి రస్సెల్ పేరు కలిపి శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడు దాన్ని డబోయా రసెలీ అంటున్నారు.

బంగారు పాముది ఇంకా ఆసక్తికరమైన ప్రయాణం. పసుపు, నలుపు పట్టీలున్న పాము అది. 1803లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త దోదాన్ కట్లపాముల ప్రజాతికి పేరు వెతుక్కుంటూ రస్సెల్ రాసిన ఈ తెలుగు మాటనే తీసుకుని బంగారస్ అని పెట్టారు. ఆసియాలో ఎక్కడ కట్లపాము మీద పరిశోధన పత్రం రాసినా మొదటి మాట తెలుగుదే. మన ఇళ్ళలోకి వచ్చే మామూలు కట్లపాముకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆధారమైన వర్ణన కూడా రస్సెల్‌దే. దాని మూలస్థానంగా రికార్డుల్లో ఉన్న ఊరు విశాఖపట్నం.

చేపల దగ్గరా అదే పద్ధతి. విశాఖ తీరంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలతో 1803లో రెండు సంపుటాలు వేశారు. అందులోనూ పాల సొర లాంటి పేర్లే. ఒక జాతి సొరచేప శాస్త్రీయ నామంలో సొర అన్న మాట ఇప్పటికీ ఉంది.

ఒక లోటు మాత్రం మిగిలిపోయింది. పాములు పట్టి తెచ్చినవాళ్ళ పేర్లు, బొమ్మలు గీసిన స్థానిక చిత్రకారుల పేర్లు మనదాకా రాలేదు. పాము పేరు నిలిచింది. ఆ పేరు చెప్పిన మనిషి పేరు పోయింది.

చివరి ఏళ్ళలో అచ్చు పని

1780ల చివర్లో రస్సెల్ ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. సేకరించిన పాములను మద్రాసులో కంపెనీకి వదిలి వెళ్ళారు. ఆయన స్థానంలోకి సామర్లకోటలో పనిచేస్తున్న విలియం రాక్స్‌బర్గ్ వచ్చారు. రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన ప్రసిద్ధ పుస్తకానికి ముందుమాట రాసింది రస్సెలే.

అరవై దాటిన ఆయనకు అసలు పని అప్పుడే మొదలైంది. 1791లో ప్లేగు గ్రంథం. 1794లో అన్న పుస్తకానికి పెంచి, సరిదిద్దిన రెండో ముద్రణ. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద రంగుల బొమ్మలతో పెద్ద సైజు పుస్తకం. దాన్ని వేయించింది కంపెనీయే. 1801 నుంచి రెండో సంపుటం విడతలుగా రావడం మొదలైంది.

1804లో, ఎనభైకి దగ్గరపడుతున్న వయసులో, రాయల్ సొసైటీ పత్రికలో మరో రెండు వ్యాసాలు. ఒకటి నాగుపాము పడగ ఎలా విప్పుతుందన్నది. రెండోది, కొన్ని విషపు పాములకు కంటికీ ముక్కుకూ మధ్య కనిపించే చిన్న గుంట గురించి. సర్జన్ ఎవరార్డ్ హోమ్‌తో కలిసి ఆ గుంటను కోసి చూశారు. అది చెవి కాదు, ముక్కు కాదు. మరి ఏమిటి? అప్పటికి జవాబు దొరకలేదు. ఎలుక ఒంటి వేడిని చీకట్లో పసిగట్టే అవయవమని 1930ల్లో గానీ తేలలేదు. తనకు అంతుచిక్కనిదాన్ని కూడా శ్రద్ధగా వర్ణించి పెట్టడం వల్లే తర్వాతివాళ్ళకు అది ప్రశ్నగా అందింది.

రస్సెల్ పెళ్ళి చేసుకోలేదు. 1805 జులై 2న లండన్‌లో కన్నుమూశారు. పాముల పుస్తకంలో మిగిలిన భాగాలు ఆయన పోయాక 1809 నాటికి పూర్తయ్యాయి.

ఆ పని ఇంకా మిగిలే ఉంది

తర్వాతి కాలంలో విరుగుడు మందు వచ్చింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాపాడించి చప్పుడు చేసే చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ కలిపి ఒకటే ఇంజెక్షన్. దాని తయారీకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్ళు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తోంది. అయినా 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేలు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమూ ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది.

ఇందులో పరిశోధకుడికి పనెక్కడ ఉంది? ఒకే రక్తపింజర విషం ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా ఉంటోంది. ఒకచోట తీసిన విషంతో చేసిన మందు ఇంకోచోట అంత బాగా పట్టడం లేదు. మన జిల్లాల పాముల విషాన్ని మనవాళ్ళే అధ్యయనం చేయాలి. ఇంకోవైపు, ప్రపంచంలోని ఉభయచర జాతుల్లో సుమారు 41 శాతం, సరీసృపాల్లో 21 శాతం ముప్పులో ఉన్నాయని ఇటీవలి అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. చెరువు పూడిస్తే ఏ కప్ప పోయిందో చెప్పాలంటే, పూడ్చకముందు అక్కడ ఏ కప్పలుండేవో ఎవరో ఒకరు రాసి ఉండాలి.

మీరు ఇటు రావాలంటే

బీఎస్సీలో జువాలజీ, లైఫ్ సైన్సెస్ లేదా ఫారెస్ట్రీ చదివినవాళ్ళకు ఈ దారి దగ్గర. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది. పీజీకి ఉస్మానియాలో జువాలజీ, హఫీజ్‌పేట్‌కు దగ్గర్లోనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జీవశాస్త్ర కోర్సులు చూడొచ్చు. నేరుగా ఈ రంగంలోకే అనుకుంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ చెబుతున్నాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ప్రవేశ ప్రకటనలు ఎప్పటికప్పుడు ఆయా వెబ్‌సైట్లలో చూసుకోండి.

పీజీ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ అందుతుంది. మన ఊళ్ళోనే సీసీఎంబీకి చెందిన లాకోన్స్, జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. రెండూ అత్తాపూర్ వైపే. ఐటీ చదివినవాళ్ళకూ చోటుంది. కప్పల అరుపుల రికార్డింగులను జాతులవారీగా విడదీసే ప్రోగ్రాములు, జన్యు డేటా విశ్లేషణ, ఉపగ్రహ మ్యాపులు ఇప్పుడు ఈ పనిలో భాగం.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలతో పోలిస్తే మొదట్లో జీతం తక్కువ. ప్రాజెక్టు పోస్టులు రెండు మూడేళ్ళకు అయిపోతాయి. ఫీల్డ్‌వర్క్ అంటే వానలో, రాత్రిపూట, జలగల మధ్య. పాములు పట్టి వీడియోలు పెట్టడం ఈ ఉద్యోగం కాదు. శిక్షణ, అనుమతి లేకుండా పాము జోలికి వెళ్ళడం ప్రాణానికి ముప్పు, చట్టం దృష్టిలో నేరం. పాము కనిపిస్తే దూరంగా నిలబడి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి శిక్షణ పొందిన వాళ్ళకు ఫోన్ చేయండి. కాటు పడితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. ఒక నోట్‌బుక్. తేదీ, సమయం, చోటు, వాన పడిందా లేదా, ఏ కప్ప అరిచింది, ఏ బల్లి ఎక్కడ కనిపించింది, ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఏమంటారు. ఏడాది పాటు ఒకే కుంట దగ్గర ఇలా రాస్తే, ఏ ప్రొఫెసర్ దగ్గరికి ఇంటర్న్‌షిప్ అడగడానికి వెళ్ళినా చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. రస్సెల్ దగ్గర మొదట ఉన్నదీ అంతే. ఆయన వదిలేసిన గడి ఒకటుంది, దాన్ని మాత్రం మీరు నింపండి. పేరు చెప్పినవాళ్ళ పేరు కూడా పక్కన రాసుకోండి.